ఏడో వరస గురక పెద్ద నిద్ర పుస్తకం

మొదటి రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేచింది ఐదుకి. మధ్యలో లేవలేదు.

డాక్టరమ్మ ఇంతే రాయమంది. రోజూ లేవగానే రాయాలి, పదిహేను రోజులు. దీన్ని నిద్ర పుస్తకం అంటారట. ఇంతకే అయితే ఇంత లావు పుస్తకం ఎందుకిచ్చిందో ఆమెకే తెలియాలి. ఇక్కడ కాగితం దొరకడం కష్టం. ఖాళీగా వదలడానికి మనసొప్పదు. అందుకని మిగతాది కూడా రాస్తాను. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు.

నా పేరు జంగిలి ఓదెలు. వయసు డెబ్బై. భూమి ఏళ్లే చెబుతున్నాను, ముసలివాళ్లం ఇంకా ఆ లెక్కే వాడతాం. చదివింది మూడో తరగతి. ఇల్లెందు వైపు బొగ్గు బావుల్లో పని నేర్చుకున్నాను. నలభై ఏళ్ల కింద ఈ కుజగ్రహం మీద సొరంగాలు తవ్వడానికి దిగిన మొదటి జట్టులో నేనొకణ్ని. ఇప్పుడు జనం ఉంటున్న ఈ వరసలన్నీ మా గడ్డపారల కింద పుట్టినవే. తవ్వడం అయిపోయాక మంచు బావి మీద వించి ఇచ్చారు. బోనులో మనుషుల్ని దింపడం, ఎక్కించడం. ఇరవై రెండేళ్లు నడిపాను. బోను ఒక్కనాడు గీత దాటలేదు.

మొన్న దాటింది.

పొద్దున పది గంటలప్పుడు. బోనులో మా ఎదురింటి సారమ్మ ఉంది. కింద నుంచి ఆపమని గంట కొట్టారట. నేను వినలేదు. బోను గీత దాటి రెండడుగులు పైకి పోయి అడ్డదూలానికి తగిలింది. సారమ్మ పడి మడమ బెణికింది. అందరూ పరిగెత్తుకొచ్చి చూస్తే నేను లీవరు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ఉన్నానట.

సారమ్మ కుంటుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. "గురక పెట్టుడు పడకపూట గద మామా. వించి కాడ గూడ పెడ్తున్నవేంది?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

డాక్టరమ్మ సంతకం పెట్టేదాకా లీవరు ముట్టుకోవద్దని బావి మీది పెద్దలు చెప్పారు.

రెండో రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేచింది ఐదుకి. మధ్యలో లేవలేదు. లేచాక తల దిమ్ముగా ఉంది. అది ఎనిమిది నెలలుగా ఉన్నదే.

పని లేదు కాబట్టి పొద్దున బూర కడిగాను. మా మంచం మీద గోడకు ఒక రేకు బూర ఉంటుంది. దాని గొట్టం వరసలోని ఇరవై నాలుగు ఇళ్లకూ పోతుంది. నేను పడుకుంటే నా గురక అందరి ఇళ్లలో వినపడుతుంది. నేను ఏడో వరస గురక పెద్దను.

డాక్టరమ్మ ఇక్కడే పుట్టిన పిల్ల, ఆమెకు ఇది తమాషాగా ఉంటుంది. మాకు కాదు. మేము వచ్చిన తొమ్మిదో ఏడు, పడకపూట నాలుగో వరసలో గాలి ఆగింది. గాలి మీటరు బాగానే ఉన్నట్టు చూపించింది. పక్క వరస వాళ్లు తర్వాత చెప్పారు, రోజూ గోడ అవతల వినపడే గురక ఆ పూట మధ్యలో ఆగిందట. లేచారు కాబోలు అనుకున్నారట. పదకొండు మంది.

అప్పటినుంచి మాకు మీటర్ల మీద నమ్మకం పోయింది. వరసకొక మంచి గురక మనిషిని ఎంచుకుని నడిమింట్లో పెట్టారు. గురక వినపడుతుంటే పిల్లలు నిద్రపోతారు. ఆగితే పెద్దవాళ్లు లేస్తారు. ఏడో వరసకు నన్ను పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు. క్యాంటీన్లో మొదటి గరిటె నాది. ఏటా ఒక ఎర్ర రుమాలు తలకు చుడతారు. మిగతా వరసల్లో ముగ్గురు నలుగురు మారారు. నేను మారలేదు. నా గురక ఆగదని పేరు.

రుమాలు తెచ్చి నా భార్య భూలచ్చి ఒళ్లో వేసేవాణ్ని. ఆమె వాటన్నిటితో బొంత కుట్టింది. ఇప్పుడు కప్పుకునేది అదే.

మూడో రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేచింది ఐదుంబావుకి.

ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ పేరు షాహీన్. ముప్పై ఏళ్లుండవు. నా గొంతులో లైటు వేసి చూసింది, మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది, దర్జీలాగా.

"నీకు నిద్ర జబ్బు ఉంది తాతా," అంది.

"గురక పెట్టెటోనికి నిద్ర జబ్బేందమ్మా? నిద్ర పట్టనోనికి గద జబ్బు."

"పట్టకపోవడం ఒక జబ్బు. పట్టినా పనికిరాకపోవడం ఇంకో జబ్బు. మంచమెక్కితే కాళ్లు జివ్వుమని పడుకోలేనివాళ్లు ఉన్నారు. కలలో గుద్దులాడి పక్కవాళ్ల పళ్లు రాలగొట్టేవాళ్లు ఉన్నారు. ఈ ఊళ్లో సగం మందికి ఏదో ఒకటి ఉంది. నీది మాత్రం అందరూ రుమాలు చుట్టే జబ్బు."

నాకు కోపం వచ్చింది. లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"సొరంగం తవ్వేటప్పుడు పైకప్పు కింద మొద్దులు ఎందుకు పెట్టేవాళ్లు?"

"పెట్టకపోతే కూలుద్ది."

"నీ గొంతు సొరంగమే. మెలకువలో కండలు మొద్దుల్లాగా పట్టుకుని ఉంటాయి. నిద్రలో అవి వదులవుతాయి. పైకప్పు దిగుతుంది. సందులోంచి గాలి ఈడ్చుకుంటూ పోతే ఆ చప్పుడే గురక. పూర్తిగా దిగితే ఊపిరి ఆగుతుంది. అప్పుడు ఒళ్లు ఉలిక్కిపడి లేచి మళ్లీ గాలి లాగుతుంది. నీకు తెలియదు. పొద్దున గుర్తుండదు. కానీ పూటకి వందసార్లు లేచినవాడు నిద్రపోయినట్టా?"

గొంతు సంగతి నాకు అర్థమైంది. మొద్దుల గురించి ఆమె నాకు చెప్పనక్కరలేదు. అయినా ఒప్పుకోలేదు. నేను పడుకుంటే రాయిలా పడుకుంటానని భూమ్మీద మా బావిలో కూడా చెప్పుకునేవారు.

ఆమె ఒక తొడుగు చూపించింది. ముక్కుకు పెట్టుకుని వెనక్కి పట్టీ బిగించుకోవాలి. గొట్టంలోంచి గాలి తోస్తూ ఉంటుంది. ఆ గాలే పైకప్పుకు మొద్దు అట. "పెట్టుకుంటే గురక ఉండదు," అంది సంతోషంగా.

అదే నాకు పనికిరాదని చెప్పి వచ్చేశాను.

ఐదో రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేచింది ఐదుకి. నిన్న రాయలేదు. రాయడానికి కూర్చుని నిద్రపోయాను. మొన్నటి పేజీ మీద మరక అదే.

ఇక్కడి రోజు భూమి రోజుకన్నా ముప్పై తొమ్మిది నిమిషాలు ఎక్కువ. సాయంత్రం ఆరు కాగానే గడియారాలు ఆపేస్తాం. ముప్పై తొమ్మిది నిమిషాల తర్వాత మళ్లీ నడుపుతాం. ఆ ఆగిన సేపును మిగులు అంటాం. మిగుల్లో ఎవరికీ పని ఉండదు, ఎవరూ ఎవర్నీ పిలవరు. ఎవరి గడప మీద వాళ్లు కూర్చుంటారు.

మేమిద్దరం కూర్చునేవాళ్లం. నేను బావిలో ఆ రోజు జరిగిందంతా చెప్పేవాణ్ని. ఎవరేమన్నారు, నేనేమన్నాను. భూలచ్చి నా ఎడమ భుజానికి ఆనుకుని వినేది. వినేది అనడం తప్పు. సగంలో తూగేది. భుజంతో కుదిపి లేపేవాణ్ని. "చెప్పేది ఇంటున్నవా, తూగుబోతూ" అనేవాణ్ని. "ఇంటున్న, చెప్పు" అని కళ్లు తెరిచేది. మళ్లీ తూగేది. బువ్వ తింటూ తూగేది, బట్టలు మడతపెడుతూ తూగేది. మా వరసలో నా గురక ఎంత పేరో ఆమె తూగు అంత పేరు. నలుగురిలో నేనే ముందు నవ్వేవాణ్ని.

ఎనిమిది నెలల కింద కూరగాయలు పెంచే అరల దగ్గర పనిలో నిచ్చెన మీంచి పడింది. కళ్లు తిరిగి పడిందన్నారు. కింద అర అంచు ఇనుముది.

ఇప్పుడు మిగుల్లో ఏం చేయాలో తెలియడం లేదు. భూమ్మీద అయితే ఈ సేపే ఉండదు కదా అనుకుంటూ కూర్చుంటాను.

ఆరో రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేపారు, ఎప్పుడో తెలియదు.

జరిగింది రాస్తాను. పక్కింటి పోశాలు నా ఈడువాడు, వరస తరఫున మాట్లాడేవాడు. నిన్న సాయంత్రం సీసా తెచ్చాడు. ఆలుగడ్డ తొక్కలతో అతనే కాస్తాడు.

"నీ గురకల సందు వస్తంది బావా," అన్నాడు. "భూలచ్చి పోయినకాడ్నుంచి చూస్తన్న. గుర్రుమని గుర్రుమని, ఆగుద్ది. మా ఆడోళ్లు లేసి కూసుంటరు. మళ్లా వస్తది. నీకు దిగులుతోని నిద్ర సరిగ పడ్తలేదు. ఇది రెండు గుటకలేసి పడుకో, మంచిగ పడ్తది."

నాకు అదే సబబనిపించింది. రెండు కాదు, నాలుగు గుటకలు వేశాను.

కళ్లు తెరిచేసరికి ఇంటినిండా జనం. అందరి మూతులకీ గాలి సంచులు. పోశాలు నా గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కుతున్నాడు. నా గురక ఆగి చాలాసేపు రాలేదట. గాలి పోయిందనుకుని ఇరవై నాలుగు ఇళ్లూ లేచి పరిగెత్తాయి. తొక్కిడిలో ఒక ముసలామెకు మోచెయ్యి దోక్కుపోయింది. గాలి బాగానే ఉంది. నేనే లేను.

డాక్టరమ్మకు పొద్దున్నే కబురు వెళ్లింది. తాగితే ఆ కండలు ఇంకా వదులవుతాయట, ఒళ్లు ఉలిక్కిపడటం కూడా మర్చిపోతుందట. నాకు కాకుండా పోశాలుకు బాగా తిట్లు పడ్డాయి. "మంచి చేద్దామని గదమ్మా," అంటూ తల వంచుకుని నిలబడ్డాడు.

వరసవాళ్లు కూడా మాట్లాడుకున్నారు. పద్నాలుగో రోజు సాయంత్రం కూర్చుంటారట. గురక పెద్దను మార్చాలా వద్దా అని. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిదో రోజు

పడుకున్నది, లేచింది, ఇవాళ రాయను.

డాక్టరమ్మ పిలిచింది. మా అందరి మంచాల మీదా ఆసుపత్రి వాళ్లిచ్చిన చాప ఉంటుంది. ఊపిరి, కదలిక లెక్క పెడుతుంది. పదకొండేళ్ల కింద ఇచ్చారు, మేం మర్చిపోయాం. నా చాప లెక్క అంతా తీసి గోడ మీద గీతలుగా వేసి చూపించింది.

"ఇది నీ ఊపిరి. ఇదిగో, ఆగింది. ఇక్కడ మళ్లీ మొదలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కోసారి నలభై, యాభై సెకన్లు ఆగుతోంది. అందుకే పగలు తూగుతున్నావు, అందుకే తల దిమ్ము. ఇప్పుడు ఇది చూడు. భూలక్ష్మమ్మ ఉన్నప్పటిది."

అక్కడా ఊపిరి ఆగింది. కానీ పది, పన్నెండు సెకన్లు కాగానే ఎడమ పక్క నుంచి ఒక చిన్న గీత పొడుచుకొచ్చింది. వెంటనే ఊపిరి. కొంతసేపటికి మళ్లీ ఆగింది. మళ్లీ ఆ గీత. మళ్లీ ఊపిరి.

"ఏంది ఆ గీత?" అన్నాను.

"మోచెయ్యి అనుకుంటా తాతా. ఎప్పుడూ ఒకే చోట, పక్కటెముకల కింద. పూటకి డెబ్బై, ఎనభై సార్లు. పదకొండేళ్లలో ఒక్క పూట తప్పలేదు. చాపలు రాకముందు సంగతి నాకు తెలియదు."

నాకు తెలుసు. గురక పెద్దనైన కొత్తలో, పెళ్లయి ఎంతో కాలం కాలేదు, ఒక పొద్దున ఆమె నెమ్మదిగా అంది. "నిద్రల నీకు ఊపిరి ఆగుతందయ్యా. నాకు భయమైతంది." మర్యాద దక్కిన కొత్త కదా, ఇంట్లోనే దిష్టి పెడుతున్నావా అని విరుచుకుపడ్డాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరమ్మ ఆమె వైపు గీత కూడా చూపించింది. పడకపూట మొత్తంలో ఏకంగా పావుగంట నిద్ర ఎక్కడా లేదు.

"నిచ్చెన మీద ఆమెకు కళ్లు తిరిగినయా, మూతపడ్డయా?" అని అడిగాను.

"అది నేను చెప్పలేను తాతా," అంది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

కానీ నాకొకటి తెలుసు. ఈ నేల మీద మనిషి బరువు తక్కువ. మెల్లగా పడతాం. చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. చంటిపిల్లలు కూడా పెట్టుకుంటారు. ఆమె పెట్టుకోలేదు.

పదో రోజు

రాయడానికి ఏమీ లేదు.

పదకొండో రోజు

పోశాలు నాతోపాటు ఆసుపత్రికి వచ్చాడు. అతనికి చాప సంగతి చెప్పలేదు. వరస తరఫున డాక్టరమ్మను బతిమాలాడు. "తొడుగు పెడితే గురక పోద్ది. పెట్టకపోతే మనిషి పోతడు. రెండూ ఉండే ఉపాయం లేదా అమ్మా?"

ఉందట. చాప కింద తనంతట తనే కదిలే ఒక కర్ర పెడతారు. ఊపిరి ఆగగానే అది పొడుస్తుంది. మనిషి కదులుతాడు, గురక మళ్లీ మొదలవుతుంది. "ఇది వైద్యం కాదు," అని ఆమె గట్టిగా చెప్పింది. "చావకుండా ఉంటాడు, అంతే. లేపుతూనే ఉంటే నిద్ర ఎక్కడిది? వించి పని మాత్రం ఇవ్వనివ్వను."

పోశాలు నా వైపు చూశాడు. గురక పెద్దగా ఉండొచ్చు. నాకు అదే చాలనిపించింది.

మధ్యాహ్నం అక్కడే పడుకోబెట్టి చూశారు. ఏ చోట, ఎంత బలంగా పొడిస్తే నేను తొందరగా ఊపిరి తీస్తానో చాపకు తెలుసట. దాన్నిబట్టి కర్ర తనే సర్దుకుంటుందట.

లేచేసరికి డాక్టరమ్మ నన్నే చూస్తోంది.

"ఎవరితో మాట్లాడావు తాతా? జరిగిన తియ్, జరిగిన తియ్, అన్నావు."

నేను గోడవైపు తిరిగాను. అది భూలచ్చి మోచెయ్యే. ఎడమ పక్క, పక్కటెముకల కింద, ముందు మెత్తగా ఒకటి, ఆగి గట్టిగా ఇంకొకటి. అలా పొడిచినప్పుడల్లా నేను నిద్రలోనే, పక్కకు జరిగానులే అని, ఆ మాట అనేవాణ్ని. అన్నానని కూడా ఇప్పటిదాకా నాకు తెలియదు.

కర్ర ఇంటికి తెచ్చుకున్నాను.

పదమూడో రోజు

పడుకున్నది ఏడింటికి. లేచింది ఆరింటికి. మధ్యలో లేచింది డెబ్బై నాలుగు సార్లట, చాప చెప్పింది.

నిజం రాస్తాను. ఈ రెండు పూటలూ పెళ్లికొడుకులాగా తొందరపడి పడుకున్నాను. క్యాంటీన్లో పెరుగన్నం వదిలేసి వచ్చాను. ఎనిమిది నెలల తర్వాత నా పక్కన ఒకరున్నట్టు ఉంది. పొద్దున లేచాక కూడా ఎడమ పక్కన ఆ చోట కొంచెం నొప్పిగా ఉంటుంది. చెయ్యి పెట్టుకుని పడుకునే ఉంటాను. గురక మళ్లీ ఆగకుండా వస్తోందని వరసంతా సంతోషం. రేపటి కూర్చోవడం ఉత్తదేనని పోశాలు చెప్పి పోయాడు.

సాయంత్రం మిగుల్లో గడప మీద కూర్చున్నాను. ఎప్పుడు కన్ను పడిందో తెలియదు. భుజం మీద ఎవరో కుదిపారు. సారమ్మ. చేతికర్ర ఊతంతో నిలబడి ఉంది.

"పక్కకు ఒరిగిపోతున్నవ్ మామా, పడ్తవని లేపిన." నవ్వింది. "భూలచ్చక్క గూడ ఇట్లనే తూగేది ఈ గడప మీద. నీ భుజానికి ఆనుకొని. నువ్వేమో లేపుడే లేపుడు. గడియారం కదిలేదాక పడుకోనియ్యరాదా ముసలోడా అని నేను ఆడ నా గడప మీద కూసుని తిట్టుకునేదాన్ని."

ఆమె వెళ్లిపోయింది.

పడకపూట అంతా భూలచ్చి లేచే ఉంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా అరల దగ్గర పని. మిగిలింది మిగులే. నేను మేలుకుని ఉండే సేపు, నా ఊపిరి తను చూడనక్కరలేని సేపు. ముప్పై తొమ్మిది నిమిషాలు. ఎక్కడికీ పోకుండా నా భుజం మీదే పడుకుంది. పనిలో ఎవరేమన్నారో చెప్పడానికి నేను కుదిపి లేపాను.

ముప్పై ఒక్క ఏళ్లు.

ఇవాళ కర్ర పెట్టుకోలేదు. కూర్చునే ఉన్నాను.

పద్నాలుగో రోజు

పడుకోలేదు.

సాయంత్రం ఐదింటికి క్యాంటీన్లో అందరూ కూర్చున్నారు. డాక్టరమ్మను నేనే పిలిపించాను. కొత్త రుమాలు కూడా తెచ్చి పెట్టారు, ఎర్రగా, ఇస్త్రీ చేసి. పోశాలు లేచి నా గురక గురించి నాలుగు మంచి మాటలు చెప్పబోయాడు. ఆపాను. నాకు నలుగురిలో మాట్లాడటం అలవాటే. లేచి నిలబడ్డాను.

"మీ అందరికీ కాపలా ఉన్నది నేను కాదు," అన్నాను. "నేను పండుకున్న. నా గురక ఆగినప్పుడల్లా పొడిచి మళ్లా నడిపిచ్చింది భూలచ్చి. పూటకు ఎనభై సార్లు. మీరు ఆ చప్పుడు ఇని మంచిగ పండుకున్నరు. నేనూ మంచిగ పండుకున్న అనుకున్న. దాన్ని మాత్రం తూగుబోతని నవ్వినం. నేనే ముందు నవ్విన."

పోశాలు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి వెనక నుంచి ఎవరో అన్నారు, "ఇప్పుడా కర్ర ఉన్నది గదా తాతా. అది పొడుస్తది. నీ గురక నడుస్తది. ఎవలకు నష్టం?"

"ఆ కర్ర పొడిచేది దాని మోచెయ్యి," అన్నాను. "చాపల నుంచి తీసుకున్నది. నాకు ఎంత కావాలనుందో మీకు చెప్పినా తెల్వదు. కానీ సచ్చినంక గూడ దాన్ని లేపి కూసోబెడ్తనా? పండుకోనియ్యుండ్రి దాన్ని. నేను ముక్కుకు తొడుగు పెట్టుకుంట."

"మరి వరసకు?" అన్నాడు పోశాలు. "గురక లేకపోతే పిల్లలు పడుకోరు బావా. వేరే వరస నుంచి ఎవర్నన్న తెద్దామా?"

"తెస్తే వాని పెండ్లాం కూసోవాలె," అంది సారమ్మ. "ఇరవై నాలుగు ఇండ్లున్నం. ఇరవై నాలుగు పూటలకొకసారి ఇంటికొకరు మేలుకుంటే సస్తమా? ఎవల వంతైతే వాళ్లింట్ల బూర పెట్టుకుని అప్పుడప్పుడు గొంతు ఇనిపిస్తే సాలు. మొదటి పూట నేనుంట. నా కాలు ఎట్లనూ పడుకోనిస్తలేదు."

"ఉండు గానీ పాటలు పాడకు," అన్నాడు పోశాలు. "దానికన్న ఓదెలు గురకే నయం."

అప్పుడు నవ్వారు. నవ్వాక ఒప్పుకున్నారు. మీటరు కూడా రోజూ ఒకరు విప్పి చూడాలని డాక్టరమ్మ చెప్పింది. నేను ఒక్క షరతు పెట్టాను. మేలుకున్నవాళ్లు మరునాడు పనికి పోకూడదు. పొద్దంతా పడుకోవాలి. వాళ్లు ఎక్కడ తూగినా ఎవరూ నవ్వకూడదు, లేపకూడదు.

కొత్త రుమాలు ఎవరికి చుట్టాలో వాళ్లకు తెలియలేదు. నేనే తీసుకున్నాను. బొంతకు అంచు ఒక పక్క కుట్టకుండా ఉంది. నాకు కుట్టడం రాదు, నేర్చుకుంటాను.

పదిహేనో రోజు

పడుకున్నది తొమ్మిదికి. లేచింది ఐదుకి. మధ్యలో లేవలేదు.

మొదటి రోజు కూడా ఇదే రాశాను. అప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు.

తొడుగు బాగాలేదు. ముక్కు మీద గీత పడింది. పట్టీ చెవిని కోస్తోంది. గాలి చల్లగా తోస్తుంటే మొదట ఉక్కిరిబిక్కిరైంది. నోరు మూసుకుని నెమ్మదిగా తీసుకోమని డాక్టరమ్మ చెప్పినట్టు చేశాను. తర్వాత గుర్తులేదు. కల వచ్చింది. ఎన్నేళ్ల తర్వాతో. కలలో ఏముందో నాకుంచుకుంటాను. లేచాక తల దిమ్ము లేదు. ఆకలేసింది. బయట దీపం రంగు పసుపని ఇవాళే చూసినట్టుంది.

ఇంత బాగుంటుందా నిద్ర అనుకున్నాను. వెంటనే ఆమె గుర్తొచ్చింది. ఆమెకు ఇది తెలియదు.

డాక్టరమ్మ చాప చూసింది. ఆగినవి నాలుగే. వించి సంగతి ఇంకో నెల తొడుగు పెట్టుకున్నాక చూద్దామంది. చూడనీ, తొందర లేదు. పుస్తకం తీసుకుపోతానంది. ఇవాళ్టిది రాసి ఇస్తానన్నాను.

సాయంత్రం ఆరింటికి గడియారాలు ఆగాయి. గడప మీద కూర్చున్నాను. నిద్ర రావడం లేదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. సారమ్మ మొదటి పూట బూరలో పాడనే పాడిందట, పిల్లలు లేచి ఇంకోటి పాడమన్నారట. పోశాలు మొహం చూడాలి. ఇలాంటివి ఆమెకు చెబితే నవ్వేది.

ఎడమ భుజం కొంచెం కిందికి దించి పెట్టాను. గడియారం మళ్లీ కదిలేదాకా కదలలేదు, ఒక్క మాట మాట్లాడలేదు.